స్టేషన్ రోడ్డు గోదాం మీద అటక ఇల్లు: పనుల డైరీ

జనవరి మొదటి వారం: కొలతలు

వరంగల్ స్టేషన్ రోడ్డు నుంచి చౌరస్తా వైపు తిరిగే సందులో కింద షట్టర్లు, పైన ఒకప్పటి నూలు గోదాం. ఆ పై అంతస్తును అటక ఉన్న ఇల్లుగా మార్చి అమ్మకానికి పెట్టాలి. లోపల 24 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. నేల నుంచి స్లాబు అడుగు దాకా 16 అడుగుల 6 అంగుళాలు. పిల్లర్ల మధ్య మొదటి అంకణం 12 అడుగులు, మిగతా రెండు 14 చొప్పున. పిల్లర్లు గోడల్లోంచి చెరో ఆరు అంగుళాలు లోపలికి పొడుచుకొచ్చాయి. స్లాబు కింద అడ్డంగా వేసిన కాంక్రీటు బీములు 18 అంగుళాలు కిందికి దిగి ఉన్నాయి.

ఎత్తును అంగుళాల్లో రాసుకుంటే 198. అటక కింద 96 కావాలి, అంతకంటే తగ్గితే వంటగది మీద మూత పెట్టినట్టు ఉంటుంది. ఇనుప దూలం, పైన బోర్డు, దాని మీద ఫ్లోరింగ్ కలిపి 13. అటక మీద మిగిలేది 89, అంటే 7 అడుగుల 5 అంగుళాలు. నేషనల్ బిల్డింగ్ కోడ్ మెజ్జనైన్‌కు, అంటే ఇలాంటి నడిమి అటకకు, అడిగే కనీస ఎత్తు 2.2 మీటర్లు, అంటే 86.6 అంగుళాలు. చేతిలో ఉన్న మిగులు రెండు అంగుళాల పైచిలుకే. అటక మీద ఫాల్స్ సీలింగ్ మాట అక్కడితో పోయింది. వేడిని లోపలి నుంచి ఆపే దారి లేదు కాబట్టి కప్పు మీదే ఆపాలి. విస్తీర్ణానికీ హద్దుంది: మెజ్జనైన్ మొత్తం కట్టడంలో మూడో వంతు మించకూడదు. 960 చదరపు అడుగుల్లో మూడో వంతు 320. మొదటి అంకణం వరకే వేస్తే 24 ఇంటూ 12, 288 అవుతుంది. పిల్లర్లు కూడా అక్కడే ఉన్నాయి. పదిహేను అడుగుల దాకా లాగితే గది పెద్దదవుతుంది కదా అని ఎవరైనా అంటే ఒకటే జవాబు: ముందు వరస దూలానికి కింద పిల్లర్ ఉండాలి. స్లాబు మధ్యలో ఇనుప స్తంభం నిలబెడితే ఆ బరువంతా కింది షట్టరు కప్పు మీద ఒక్క చోట గుచ్చుకుంటుంది.

జనవరి మూడో వారం: కాంక్రీటు పరీక్షలు

గోదాం అంటే గట్టి కట్టడమే అనుకోవడం అలవాటు. నూలు బేళ్లు మోసిందంటే నేల గట్టిదన్న మాట, కప్పు సంగతి వేరు. పాత డ్రాయింగులు దొరకలేదు కాబట్టి కొట్టి చూడాల్సిందే. కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హామర్‌తో ప్రతి పిల్లర్‌కూ పైన, మధ్య, కింద మూడు చోట్ల రీడింగులు. సలాకలు ఎక్కడున్నాయో, వాటిని కప్పిన కాంక్రీటు మందం, అంటే కవరు, ఎంతుందో కవర్ మీటర్‌తో గుర్తులు పెట్టించాం. ఈ గుర్తులు మార్చిలో యాంకర్ బోల్టులకు రంధ్రాలు వేసేటప్పుడు మళ్లీ కావాలి. పెన్సిల్ గీతలు దుమ్ముకు చెరిగిపోతాయి, ఆయిల్ పెయింటు మార్కర్‌తో వేయించండి.

చవకలో దొరికే మంచి పరీక్ష ఫినాఫ్తలీన్. ఒక శాతం ద్రావణాన్ని అప్పుడే చెక్కిన కాంక్రీటు మీద చల్లితే ఆరోగ్యంగా ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది. రంగు రాకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడు లోపలికి దిగి కాంక్రీటు క్షారగుణం పోయిందని అర్థం, అక్కడి సలాకకు తుప్పు నుంచి రక్షణ లేదు. స్లాబులో రంగు రాని లోతు 25 మి.మీ. ఉంది. సలాకల మీద కవరు 15 నుంచి 20. అందుకే వాన నీరు దిగిన మూలన పెచ్చులు ఊడుతున్నాయి. పిల్లర్లలో కవరు 40 దాకా ఉంది, అవి బాగున్నాయి.

2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది కాబట్టి పిల్లర్, బీము కలిసే చోట్ల గిలాబు చెక్కి చూడడం తప్పనిసరి చేశాం. గిలాబు మీది పగులు చూసి కంగారు పడాల్సిన పని లేదు. అది కాంక్రీటులోకి సాగి, ఏటవాలుగా పోతోందా అన్నదే చూడాలి. ఇక్కడ రెండు చోట్ల ఇటుక గోడ, పిల్లర్ కలిసే గీతలో నిలువు చీలిక కనిపించింది. అది వేడికి వచ్చేదే. కోడిజాలీ కొట్టి మళ్లీ గిలాబు చేస్తే సరిపోతుంది.

ఉన్న కట్టడానికి బరువు కలిపే పని ఏదైనా స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా మొదలెట్టొద్దు. మున్సిపల్ అనుమతికీ, తర్వాత కొనేవాళ్ల బ్యాంకుకూ ఆ కాగితమే కావాలి.

ఫిబ్రవరి: కప్పు

డబ్బు ముందుగా ఇక్కడే పెట్టాలి. వరంగల్‌లో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. అటక మీద మంచం వేస్తే పడుకున్నవాళ్ల ముఖానికీ స్లాబుకూ మధ్య ఐదు అడుగులే. కప్పు కాలితే ఆ ఇంటికి అటక ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

పైన పాత ఇటుక ముక్కల సున్నపు కోబా నాలుగు అంగుళాల మందం ఉంది. వెయ్యి చదరపు అడుగుల మీద అది 16 టన్నులకు పైనే. తీసేస్తే స్లాబుకు ఊపిరి వస్తుంది. బ్రేకర్ పెట్టొద్దు, సుత్తి, ఉలితోనే తీయించాలి. బ్రేకర్ అదురుకు పలచటి పాత స్లాబు కింద పెచ్చులు లేస్తాయి. చెత్తను కప్పు మీద కుప్ప పోయకుండా ఏ రోజుది ఆ రోజు గొట్టం గుండా కిందికి దించాలి. తడిసిన కోబా కుప్ప ఒక్కచోట పడితే తీసేసిన లాభం పోతుంది.

కింది వైపు మరమ్మతు: పెచ్చు ఊడిన చోట సలాక వెనక కూడా 20 మి.మీ. ఖాళీ వచ్చేదాకా చెక్కాలి. కనిపించే వైపు మాత్రమే రుద్ది రంగు పూస్తే వెనక తుప్పు పెరుగుతూనే ఉంటుంది. వైర్ బ్రష్, జింక్ ప్రైమర్, తర్వాత బాండ్ కోటు. అది ఆరకముందే పాలిమర్ మోర్టార్ కొట్టాలి. ఆరిపోయిన బాండ్ కోటు అంటించే పని మానేసి విడదీసే పని చేస్తుంది.

పైన వరస ఇది. స్లాబు కడిగి, పగుళ్లు పూడ్చి, గోడ మొదట్లో చుట్టూ మూలలు గుండ్రంగా గోలా తీసి, 1.5 మి.మీ. పాలీయురేథేన్ పొర. ఆ పొరను పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాం. రెండు అంగుళాల నీళ్లు నిలిపి 72 గంటలు చూశాక కానీ ముందుకు పోలేదు. ఆ పైన 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి నురగ పలక), జియోటెక్స్‌టైల్ గుడ్డ, 45 మి.మీ. స్క్రీడు (సిమెంటు, ఇసుక పొర), దాని మీద తెల్లటి పింగాణీ ముక్కల పలక. 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ వేడిని అడ్డుకునే శక్తి ఐదు అంగుళాల కాంక్రీటుకు దాదాపు ఇరవై రెట్లు. దాని బరువు లెక్కలోకి రాదు. స్క్రీడు, పలక కలిపినా తీసేసిన కోబా కంటే తక్కువే.

ఇక్కడ చెడేవి: సాల్వెంట్ ఉన్న ప్రైమర్ తగిలితే ఎక్స్‌పీఎస్ కరిగి గుంటలు పడుతుంది. బోర్డులు పరిచి స్క్రీడు వేయకుండా వదిలేస్తే అకాల వానకు తేలి పక్కవాళ్ల కప్పు మీదికి పోతాయి. స్క్రీడును ఆరు అడుగుల గళ్లుగా కోయకపోతే మొదటి ఎండాకాలంలోనే పాములా పగులుతుంది. నీటి వాలు నూటికి ఒకటి, నాలుగు అంగుళాల గొట్టాలు మూడు. 2023 జూలై వానల్ని చూసినవాళ్లెవరూ ఒక్క గొట్టంతో సరిపెట్టరు.

తెల్ల పెయింటు ఒక్కటే వేస్తే చాలదా అని అడుగుతారు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన రాష్ట్ర కూల్ రూఫ్ విధానం కూడా ఎండను తిప్పికొట్టే కప్పులనే ప్రోత్సహిస్తుంది, తప్పేమీ కాదు. కానీ స్టేషన్ రోడ్డు దుమ్ముకు తెల్లదనం ఏడాదిలో బూడిద రంగుకు తిరుగుతుంది. ఏటా కడిగే ఓపిక ఉంటే పెయింటు, లేకుంటే పింగాణీ.

మార్చి: దూలాలు

రెండు పెద్ద దూలాలు: ఒకటి చివరి గోడ పక్కన, ఒకటి 12 అడుగుల వరసలో. పిల్లర్ల మధ్య 23 అడుగులు. ఐఎస్‌ఎంబీ 250, అంటే 250 మి.మీ. లోతున్న ఐ ఆకారపు ఇనుప దూలం, బలానికి సరిపోతుంది, వంపు దగ్గరే పేచీ. చదరపు మీటరుకు 200 కిలోల నివాస భారం, బోర్డు, బీరువాలు, రెయిలింగ్ కలిపి లెక్క కడితే నడుమ దాదాపు 20 మి.మీ. వంగుతుంది. పరిమితి పొడవులో 360వ వంతు, ఇక్కడ 19.5. కూలదు, కానీ పైన పిల్లవాడు గెంతితే కింద గ్లాసులో నీళ్లు కదులుతాయి. 300 వేస్తే వంపు 12 దగ్గర ఆగుతుంది. మీటరుకు ఏడు కిలోలు ఎక్కువ, అంతే తేడా. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు అటక ఎక్కగానే చేసే మొదటి పని మడమతో నేలను తన్ని చూడటం. ఆ ఏడు కిలోలు దాని కోసం.

ఒక్కో దూలం 300 కిలోలకు పైన, 22 అడుగుల 11 అంగుళాలు. మెట్ల మలుపులో తిరగదు. సగానికి కోసి పైన వెల్డ్ చేద్దామని ప్రతి వెల్డరూ అంటాడు. వంగుడు ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ ఉండేది సరిగ్గా నడుమనే. కోయక తప్పకపోతే చివరి నుంచి నాలుగో వంతు దగ్గర, ఇంజనీరు ఇచ్చిన కొలత ప్లేట్లతో బోల్టులు బిగించాలి. ఇక్కడ రోడ్డు వైపు కిటికీ గ్రిల్ విప్పి హైడ్రా క్రేనుతో లోపలికి తోయించాం. స్టేషన్ రోడ్డు మీద హైడ్రా నిలపాలంటే తెల్లవారుజామునే, అదీ ట్రాఫిక్ వాళ్లకు ముందే చెప్పి. లోపల 14 అడుగుల అంకణంలో దూలాన్ని తిప్పి, చైన్ పుల్లీలతో ఎత్తాం. చైన్ పుల్లీ కొక్కెం కాంక్రీటు బీముకు చుట్టిన బెల్టుకే, స్లాబు హుక్కుకు కాదు. పాత ఫ్యాను హుక్కును నమ్మి 300 కిలోలు వేలాడదీసేవాళ్లు ఉన్నారు.

పిల్లర్‌కు 12 మి.మీ. ప్లేటు, నాలుగు ఎం16 కెమికల్ యాంకర్లు. ఒక్కో చివర మోసేది 2.3 టన్నులు. రంధ్రం 18 మి.మీ., లోతు 125. డ్రిల్ కొట్టాక గాలి ఊది, బ్రష్ తిప్పి, మళ్లీ ఊది, మళ్లీ తిప్పాలి. లోపల దుమ్ము మిగిలితే రసాయనం కాంక్రీటును పట్టుకోదు, దుమ్మును పట్టుకుంటుంది. బోల్టు చేతికి గట్టిగానే అనిపిస్తుంది, బరువు పడ్డాక జారుతుంది. మార్చి మధ్యాహ్నాల్లో మందు నాజిల్ లోపలే గడ్డకడుతుంది. కార్ట్రిడ్జులు నీడలో ఉంచి, పొద్దున తొమ్మిది లోపే ఈ పని ముగించడం మేలు.

వాటి మధ్య రెండు అడుగులకొకటి చొప్పున ఐఎస్‌ఎంసీ 125 ఛానెళ్లు (సి ఆకారపు ఇనుము, 125 మి.మీ. లోతు), 13 వరసలు. ఛానెల్ పై అంచు, దూలం పై అంచు ఒకే మట్టంలో రావాలి, లేకుంటే ఎత్తు లెక్క తప్పుతుంది. మెట్ల కోసం అటకలో వదిలే నోటి చుట్టూ వేసేది కాక ఇనుము దాదాపు టన్నుంబావు. రెడాక్సైడు ఒక్క పూతతో సరిపెట్టకుండా జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ. వెల్డ్ చేసిన చోట గ్రైండర్ పట్టి మళ్లీ ప్రైమర్ కొట్టాలి. తుప్పు మొదలయ్యేది ఎప్పుడూ వెల్డ్ పక్కనే.

మార్చి చివర: మెట్లు ఎక్కడ?

మెట్లు హాలు నుంచి అటక ముందు అంచుకు ఎక్కితే చూడ్డానికి బాగుంటాయి. కానీ ఆ అంచుకు సరిగ్గా పైన 18 అంగుళాల కాంక్రీటు బీము ఉంది. 89 లోంచి 18 తీస్తే 71 అంగుళాలు, ఆరడుగుల మనిషి తల తగులుతుంది. అందుకే మెట్లు చివరి గోడ వెంట పోయాయి. ముందు అంచున రెయిలింగ్ లోపల అడుగున్నర వెడల్పు పుస్తకాల దిమ్మె కట్టాం, ఎవరూ ఆ బీము కింద నిలబడే పని లేకుండా.

ఎక్కాల్సింది 109 అంగుళాలు. 15 ఎత్తులుగా చేస్తే ఒక్కోటి ఏడుంబావు. పాదం పెట్టే పలక 10 అంగుళాలు, 14 పలకలకు 11 అడుగుల 8 అంగుళాలు. కోడ్ ఇళ్లకు ఒప్పుకునేది ఎత్తు 190 మి.మీ. దాకా, పలక 250కి తగ్గకుండా. తల తగలకుండా ఉండటానికి అటక నేలలో 3 అడుగుల 3 అంగుళాల వెడల్పు, 9 అడుగుల 3 అంగుళాల పొడవు నోరు వదలాలి. ఆ నోటికి నాలుగు ఛానెళ్లు తెగాయి. తెగిన చివరలను రెండు ఐఎస్‌ఎంసీ 150లు ఎదురెదురుగా వెల్డ్ చేసిన అడ్డదూలం మోస్తుంది. నోరు పోగా వాడుకకు మిగిలింది 258 చదరపు అడుగులు. అమ్మకం కాగితంలో రాయాల్సింది ఈ 258, ఆ 288 కాదు.

నేలకు 18 మి.మీ. ఫైబర్ సిమెంటు బోర్డులు, 8 ఇంటూ 4వి, తరుగు కలిపి 10. ఒక్కోటి 70 కిలోలు, ఇద్దరు పట్టాలి. అంచుల్లో 8 అంగుళాలకు, మధ్యలో అడుగుకు ఒక స్క్రూ. స్క్రూ తల దిగే గుంట ముందే తీయకపోతే అంచు పగులుతుంది. బోర్డుల మధ్య 3 మి.మీ. సందు వదిలి పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ పూడ్చాలి. ఇటుక వరసల్లా జోడు తప్పించి పరచాలి. పైన రబ్బరు పొర, దాని మీద ఎస్‌పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపిన) పలకలు. విట్రిఫైడ్ టైల్స్ వద్దని గట్టిగా చెప్తున్నాం. ఇనుము వంగుతుంది, టైలు వంగదు, ఏడాదిలో జాయింట్లు చిట్లుతాయి.

రెయిలింగ్ ఎత్తు 1.1 మీటరు, కమ్మీల మధ్య నాలుగు అంగుళాలకు మించకుండా. అడ్డ కమ్మీలు పిల్లలకు నిచ్చెన అవుతాయి, నిలువువే వేయాలి.

ఏప్రిల్: గోడ, నీళ్లు, కరెంటు

ఎర్ర ఇటుక గోడ బయటపెట్టాలన్న ముచ్చట అందరికీ ఉంది. ముందు ఒక చదరపు మీటరు చెక్కి చూశాం. ఇక్కడి ఇటుకలు మెత్తన, సిమెంటు గిలాబు ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా పెకిలించుకు పోతుంది. ఇసుక కొట్టే మెషీను పెడితే కాలిన పైపొర పోయి పొడి రాలుతూనే ఉంటుంది. ఉలితో నెమ్మదిగా వచ్చిన ఒక్క తూర్పు గోడకే ఆ పని ఒప్పుకున్నాం. జాయింట్లు అర అంగుళం గీసి, సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసుక ఆరు పాళ్ల మిశ్రమంతో పాయింటింగ్. పైన గాలి ఆడనిచ్చే సిలాక్సేన్ పూత. వార్నిష్ వేస్తే తేమ లోపలే ఉండి తెల్లగా ఉప్పు కక్కుతుంది.

బాత్రూం అటక మీద పెట్టమని అడుగుతారు. పెట్టలేదు. నాలుగు అంగుళాల గొట్టానికి నలభైకి ఒకటి వాలు కావాలి, అంత జాగా ఆ నేల మందంలో లేదు. లీకైతే కనిపించేది వంటగది నెత్తిన. కింద కూడా స్లాబులో గుంత లేదు కాబట్టి గొట్టాలు దిగే షాఫ్టు పక్కనే ఏడు అంగుళాల దిమ్మె లేపి గొట్టాలు అందులోంచే తీశాం. గోడకు వేలాడే కమోడ్ అయితే షట్టరు వాళ్ల కప్పు పగలగొట్టే పని ఉండదు. వంట దిమ్మెకు కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైటు, 18 మి.మీ.

కరెంటులో మరిచిపోయేది ఒకటి: ఇనుప అటక మొత్తాన్ని ఎర్త్‌కు కలపాలి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) తప్పదు. ఏసీకి, గీజర్‌కు 4 చదరపు మి.మీ. తీగ, సాకెట్లకు 2.5, దీపాలకు 1.5. పాత మీటరు వాణిజ్య కేటగిరీలో ఉంది. ఇల్లుగా మార్చమని ఎన్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టకపోతే కొన్నవాళ్లకు దుకాణం రేటు బిల్లు వస్తుంది. ఇంటి పన్నుదీ అదే కథ.

అటక మీద సీలింగ్ ఫ్యాను వేయడానికి ఎత్తు చాలదు, చెయ్యి ఎత్తితే రెక్క తగులుతుంది. గోడ ఫ్యాన్లే. హాలు వేడి గాలంతా అటక మీదికి ఎక్కి అక్కడే నిలుస్తుంది కాబట్టి కప్పు దగ్గర తూర్పు, పడమర గోడల్లో రెండేసి లూవర్లు పెట్టి, పడమటి వాటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించాం. ఏసీ ఒకటి అటక మీద, ఒకటి హాలులో. హాలు ఏసీ ఒక్కటే చాలనుకుంటే చల్లదనం కిందే ఉండిపోతుంది.

ఎత్తైన ఖాళీ హాలులో మాట మోగుతుంది. పడమటి గోడకు కొత్తవాడ దర్రీలు రెండు వేలాడదీస్తే మోత చాలావరకు తగ్గింది. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. చూసేవాళ్లు ధర అడిగేది వాటిదే, ఇంటిది తర్వాత.

మే: అమ్మకం కాగితాలు

ప్రకటనలో కార్పెట్ ఏరియా ఒక వరస, అటక ఏరియా ఇంకో వరస. రెండూ కలిపి పెద్ద అంకె వేస్తే బ్యాంకు వాల్యూయర్ అనుమతి ప్లానులో ఉన్నంతే లెక్కగడతాడు, కొనేవాళ్ల లోను తగ్గి బేరం తెగుతుంది. అటకకూ, గోదాం నుంచి నివాసానికి వాడుక మార్పుకూ మున్సిపల్ ఆన్‌లైన్ పోర్టల్‌లో తీసుకున్న అనుమతి, ఇంజనీరు సర్టిఫికెట్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, విడదీయని భూమి వాటా ఎన్ని గజాలో రాసిన కాగితం, కప్పు వాడుకునే హక్కు ఎవరిదో చెప్పే క్లాజు: ఇవన్నీ ఒక ఫైలు. ఇంకో ఫైలులో గోడ మూయకముందు తీసిన ఫొటోలు, పక్కన టేపు పెట్టి తీసినవి: యాంకర్ ప్లేట్లు, గొట్టాల దారి, ఎక్స్‌పీఎస్ పొర, నీళ్లు నిలిపిన కప్పు.

కొనేవాళ్లకు రిజిస్ట్రేషన్ మొత్తం 7.5 శాతం: స్టాంపు 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 0.5. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ కొనేవాళ్లే కట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఈ మాట బయానా రోజే చెప్పకపోతే చివరి రోజు రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో గొడవ.

ఇల్లు చూపించేది మధ్యాహ్నం మూడింటికి, ఏసీలు ఆపి, నేరుగా అటక మీదికి తీసుకెళ్లి. పొద్దున ఏడింటికి వరంగల్‌లో ఏ ఇల్లైనా చల్లగానే ఉంటుంది.

మిగిలిన పని: మెట్ల కింద బీరువా తలుపులకు హైడ్రాలిక్ కీళ్లు, పడమటి లూవర్లకు దోమజాలీ, మీటరు కేటగిరీ మార్పు ఉత్తర్వు. కప్పు గొట్టాల మూతుల దగ్గర తొలకరి వానకు మరోసారి నీళ్ల పరీక్ష.